అత్తగారి ఫొటోకి కాగితం

మా అత్తగారు తులసికోట దగ్గర కూర్చున్న ఫొటో ఒక్కటే మాకు మిగిలింది. దాన్ని పల్లాడియంతో చేత్తో అచ్చు వేస్తానంది మా అమ్మాయి. ఆ లోహం కాగితం పోగుల్లోనే కూర్చుంటుందట, తొందరగా వెలిసిపోదట.

మొదట మందపాటి డ్రాయింగ్ కాగితం తెచ్చింది. అత్తగారి ముఖం నిండా మచ్చలే! కాగితం పసుపుబారకుండా అందులో సుద్ద కలుపుతారు. పూసే ద్రావకమేమో పులుపు, రెంటికీ పడదు. ఆగ్జాలిక్ యాసిడ్ నీళ్ళలో నానబెట్టి సుద్ద పోగొట్టొచ్చు గానీ, మేం సుద్ద లేని నూలు కాగితమే, ఆర్ష్ ప్లాటీన్, తెప్పించాం. ధర అడక్కండి.

ఈలోగా పల్లాడియం సీసా అడుగంటింది. ఇక ఒక్క ఫొటోకే. పిల్ల చెయ్యి వణికింది. "అమ్మా, నువ్వు పుయ్యవే" అంది.

చిన్న పసుపు బల్బు వెలుగులో, డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి పిండిన బ్రష్‌తో అడ్డంగా, నిలువుగా పూశాను. గట్టిగా ఒత్తితే కాగితం నూగు లేస్తుంది. అట్లు పోసే చెయ్యి కదా, ఒత్తలేదు. తడి మెరుపు తగ్గగానే ఆపేశాను.

పూత ఆరాక, పైన నెగెటివ్ పెట్టి ఎండ చూపించాం. డెవలపర్ పొయ్యగానే అత్తగారు ఒక్కసారిగా వచ్చేశారు. ముఖం శుభ్రంగా ఉంది. చీరకుచ్చిళ్ళ దగ్గర మాత్రం పూత కాస్త పలచబడింది.

"ఈసారి రెండు చుక్కలు ఎక్కువ" అని పుస్తకంలో రాసుకుంది పిల్ల.