కారు పనిలో షోరూమ్‌దెంత, మనదెంత?

మా ఇంట్లో లెక్కల పుస్తకం నా దగ్గర ఉంటుంది. పాలు, కిరాణా, పిల్లల ఫీజులు, కరెంటు బిల్లు, మామయ్య మందులు అన్నీ అందులో రాస్తాను. మూడేళ్ల కింద అందులో కొత్తగా ఒక పేజీ మొదలైంది. దాని పేరు ‘కారు’.

అంతకుముందు కారు సంగతంతా మా ఆయనే చూసుకునేవారు. పెళ్లిళ్లకు, ఐనవోలు మల్లన్న జాతరకు, ఎప్పుడైనా హన్మకొండలో బట్టలు కొనడానికి తప్ప దాన్ని బయటికి తీసేవాళ్లం కాదు. మామయ్యకు డయాలసిస్ మొదలయ్యాక అంతా మారిపోయింది. వారానికి మూడు రోజులు వరంగల్ వెళ్లాలి. వర్ధన్నపేట నుంచి పోనూ రానూ దాదాపు 60 కిలోమీటర్లు. మా ఆయనది ఎరువుల దుకాణం. సీజన్ వచ్చిందంటే పొద్దున ఏడింటికే రైతులు వచ్చి నిలబడతారు, షాపు వదిలి కదలడానికి ఉండదు. అందుకని నేనే డ్రైవింగ్ నేర్చుకున్నాను. ఒక్క ఈ ప్రయాణాలే లెక్కేస్తే ఏడాదికి 9,360 కిలోమీటర్లు అవుతాయి. మా కారుతో వచ్చిన పుస్తకంలో 10,000 కిలోమీటర్లకో, ఏడాదికో, ఏది ముందొస్తే దానికి సర్వీసింగ్ చేయించాలని రాసి ఉంది. అంటే మాకు ఏడాదికో సర్వీసింగ్ ఖాయం. డయాలసిస్ రోజున కారు మొరాయిస్తే మాత్రం ఆ నష్టాన్ని ఏ లెక్కల పుస్తకంలోనూ రాయలేం.

షోరూమ్ సర్వీసింగ్ మంచిదా, ఊళ్లో మెకానిక్ మంచిదా, లేకపోతే మనమే చేసుకోవచ్చా అని మా బంధువుల్లో చాలామంది అడుగుతుంటారు. మూడేళ్లలో మూడూ చూశాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు షోరూమ్ సంగతి. పేరు అక్కర్లేదు. నేను కారు లెక్క చూడ్డం మొదలుపెట్టాక వచ్చిన మొదటి బిల్లు 9,840 రూపాయలు. రెండు పేజీల బిల్లు. మా ఆయన డబ్బు కట్టి, బిల్లు మడిచి నా చేతిలో పెట్టారు. రాత్రి అందరూ పడుకున్నాక కారు పుస్తకం ఒక పక్కన, బిల్లు ఒక పక్కన పెట్టుకుని ఒక్కో లైనూ సరిచూశాను. ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, లేబర్, వాటి పన్ను కలిపితే 4,310. పుస్తకంలో చేయించమని ఉన్నవి ఇవే. మిగతా 5,530 రూపాయలు దేనికంటే ఏసీ డిసిన్ఫెక్షన్, ఇంజిన్ డ్రెస్సింగ్, ఇంటీరియర్ పాలిషింగ్, అండర్‌బాడీ కోటింగ్. మా ఆయన్ని అడిగితే, “షాపులో గిరాకీ మీదున్నప్పుడు ఫోన్ చేసి ‘సార్, ఇవి కూడా చేసేద్దామా, బండికి మంచిది’ అన్నాడు, సరే అన్నా” అన్నారు. యూరియా కోసం నలుగురు నిలబడి ఉండగా ఫోన్లో అడిగితే ఎవరైనా అంతే అంటారు.

మరుసటి ఏడాది కారు నేనే తీసుకెళ్లాను. ఒక తెల్లకాగితం మీద, పుస్తకంలో ఆ కిలోమీటర్లకు ఏమేం చేయమన్నారో అవి మాత్రమే రాసుకెళ్లి సర్వీస్ అడ్వైజర్ చేతికిచ్చాను. “ఇవి తప్ప ఏం చేయాలన్నా ముందు నాకు చూపించి చేయండి” అన్నాను. అతను కాగితం చూసి, నన్ను చూసి, “సరే మేడమ్” అన్నాడు. బిల్లు 4,600 వచ్చింది. అతని మీద నాకేం కోపం లేదు. వాళ్లకూ నెల నెలా టార్గెట్లు ఉంటాయట. కూరగాయల మార్కెట్‌లో ఏం కొనాలో మనకు తెలియకపోతే సంచి నింపేది అమ్మేవాడే కదా, ఇదీ అంతే.

ఇక ఎలుకల కథ. మా ఊళ్లో ఇది ప్రతి ఇంటి కథే. వానాకాలం పంట కోతలయ్యాక మా రేకుల షెడ్డులో ఒక పక్క వడ్ల బస్తాలు, ఒక పక్క కారు. ఒక సోమవారం పొద్దున తాళం తిప్పితే కారు స్టార్ట్ కాలేదు. ఆ రోజు మామయ్యను పక్కింటి వాళ్ల ఆటోలో తీసుకెళ్లాం. చలిగాలికి మఫ్లర్ చుట్టుకుని, ఒళ్లు కుదించుకుని కూర్చున్న ఆయన్ని చూస్తుంటే దారి పొడుగునా నాకు మనసు మనసులో లేదు. షోరూమ్ వాళ్లకు ఫోన్ చేసి, వచ్చిన మనిషికి బానెట్ ఎత్తి చూపిస్తే, వైరింగ్ సెట్ మొత్తం మార్చాలి, బండిని టో చేసుకుని తీసుకెళ్లాలి, అంతా కలిపి 38,000 దాకా అవుతుంది, సామాను రావడానికి వారం పడుతుంది అన్నాడు. వారమంటే మూడు డయాలసిస్‌లు.

మా వీధి చివర ఆటోలకు, ట్రాక్టర్లకు కరెంటు పని చేసే ఒక అబ్బాయి ఉన్నాడు. అతన్ని పిలిస్తే టార్చి లైటు పట్టుకుని గంటసేపు వెతికాడు. ఎలుక కొరికినవి రెండే వైర్లు. వాటిని అతికి, టంకం వేసి, పైన తొడుగు వేసి, టేపు చుట్టాడు. 600 రూపాయలు తీసుకున్నాడు. ఆ తర్వాత రెండేళ్లయింది, ఆ వైర్లు మళ్లీ ఇబ్బంది పెట్టలేదు. వడ్ల బస్తాలు మాత్రం ఆ సాయంత్రమే వెనక గదిలోకి మారాయి.

ఇంతవరకు చదివి, “చూశారా, షోరూమ్ అంటేనే దోపిడీ” అనుకోకండి. దీనికి రెండో వైపు కూడా ఉంది.

పోయిన ఏడాది డ్యాష్‌బోర్డు మీద ఏబీఎస్ లైటు వెలిగింది. బ్రేకులు మామూలుగానే పడుతున్నాయి. ఊళ్లో మెకానిక్‌కు చూపిస్తే, “గిదేం పెద్ద సంగతి కాదక్కా, వైరు పీకేస్తే లైటు ఆరిపోతది” అన్నాడు. నిజమే, లైటు ఆరిపోతుంది. రోగం ఎక్కడికి పోతుంది? గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోయి బండి జారకుండా కాపాడేది ఏబీఎస్. మన ఖమ్మం రోడ్డు మీద యాసంగిలో సగం రోడ్డు వడ్లు ఆరబోసి ఉంటాయి, ఎదురుగా లారీలు వస్తుంటాయి, ట్రాక్టర్ ఎప్పుడు మలుపు తిరుగుతుందో దాన్ని నడిపే వాడికే తెలియాలి. వెనక సీట్లో చేతికి ఫిస్టులా పట్టీతో మామయ్య ఉంటారు. వద్దని చెప్పి నేరుగా షోరూమ్‌కు తీసుకెళ్లాను. కంప్యూటర్ తగిలించి పది నిమిషాల్లో చెప్పారు, వెనక ఎడమ చక్రం దగ్గర సెన్సర్ పోయింది అని. 2,900 రూపాయలు అయింది. ఆ బిల్లు కట్టేటప్పుడు నాకు రూపాయి కూడా బాధనిపించలేదు.

షోరూమ్ వాళ్ల దగ్గరే ఉండే ఇంకో సంగతి రీకాల్. కారు తయారీలోనే ఏదైనా లోపం ఉందని తేలితే కంపెనీ ఆ బండ్లను వెనక్కి పిలిచి ఉచితంగా సరిచేసి ఇస్తుంది. 2019 ఆగస్టులో మారుతి కంపెనీ ఒక లీటర్ ఇంజిన్ వ్యాగన్‌ఆర్ కార్లను 40,618 వెనక్కి పిలిచింది. పెట్రోలు పైపుకు ఇనుప క్లాంపు రాసుకునే అవకాశం ఉందని, చూసి అవసరమైతే మార్చి ఇస్తామని చెప్పింది. ఇలాంటివి ఊళ్లో మెకానిక్‌కు తెలియవు. కారు నంబరు, ఫోన్ నంబరు షోరూమ్ లెక్కల్లో సరిగ్గా ఉంటేనే మనకు కబురు వస్తుంది. ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్, రీకాల్, వారంటీ పనులు, ఇవి షోరూమ్ పనులే. ఇందులో బేరం లేదు.

అలాగని బయట చేయి పెట్టించారు కాబట్టి వారంటీ మొత్తం పోయింది అని భయపెడితే భయపడిపోనక్కర్లేదు. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు కలిపి సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలు, రిపేరు పరికరాలు బయటి మెకానిక్‌లకు అందకుండా చేసి, కారు కొన్నవాళ్లను తమ డీలర్ల దగ్గరికే రావలసిన స్థితిలో పెట్టారన్నది అందులో ముఖ్యమైన మాట. బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ రద్దు చేయకూడదని, బయట చేసిన తప్పు పని వల్ల ఏ నష్టం జరిగితే అంతవరకే నిరాకరించవచ్చని కూడా చెప్పింది. జరిమానా మీద కంపెనీలు కోర్టులకు వెళ్లాయి, అది వేరే సంగతి. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం రైట్ టు రిపేర్ పేరుతో ఒక పోర్టల్ కూడా మొదలుపెట్టింది. మన వస్తువును బాగు చేయించుకునే దారులు మన చేతిలో ఉండాలన్నది దాని ఉద్దేశం.

ఇక ఇంట్లో చేసుకునే పనులు. ఆదివారం పొద్దున, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, నేనూ మా అమ్మాయీ అరగంట కారు దగ్గర ఉంటాం. తను తొమ్మిదో తరగతి.

ముందు ఆయిల్ పుల్ల బయటికి తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీసి చూస్తాం. రెండు గీతల మధ్య ఉండాలి. కూలెంట్ డబ్బా బయటి నుంచే కనిపిస్తుంది, అది కూడా రెండు గీతల మధ్యే ఉండాలి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు మాత్రం రేడియేటర్ మూత జోలికి పోకూడదు. ఆవిరి పోకముందే కుక్కర్ మూత తీస్తే ఏమవుతుందో మనకు వేరే చెప్పాలా! బ్యాటరీ కొనల మీద తెల్లగా, పచ్చగా బూజులాంటిది పడితే ముందు నల్ల వైరు, తర్వాత ఎర్ర వైరు విప్పి, గోరువెచ్చని నీళ్లలో వంట సోడా కలిపి పాత బ్రష్‌తో రుద్ది, ఆరాక కాస్త వ్యాజిలిన్ రాస్తాం. బిగించేటప్పుడు నల్లది చివర. ఎయిర్ ఫిల్టర్ విప్పి దుమ్ము దులుపుతాం, కడగం. పత్తి లారీల వెనక తిరిగిన నెలల్లో అది చూస్తే మన ఊపిరితిత్తులు గుర్తొస్తాయి. టైర్లలో గాలి మా కారుకు 33, డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. టైరు గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే ఆ టైరు మీద తిరగడం చట్టం ప్రకారం కూడా తప్పే.

ఇంజిన్ ఆయిల్ మార్చడం మాత్రం ఇంట్లో పెట్టుకోలేదు. వీడియోల్లో చూస్తే దోసె తిరగేసినంత తేలికగా కనిపిస్తుంది. కానీ కారు కిందికి దూరాలి. జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి ఎవరూ, ఎప్పుడూ దూరకూడదు. పైగా ఆ పాత ఆయిల్ ఎక్కడ పోస్తాం? కాలువలో పోస్తే వానకు చెరువులోకి పోతుంది. కొన్ని వందల కోసం అదంతా ఎందుకు?

ఇదంతా ఒకరోజు మామయ్యకు చెప్తుంటే ఆయన నవ్వారు. “నేను ఎడ్లబండి తోలినన్ని రోజులు కందెన నేనే పెట్టుకునేటోణ్ణి. చక్రం ఆకు ఇరిగితే వడ్లాయన కాడికి, ఇనుప పట్టా ఊడితే కమ్మరాయన కాడికి. అన్నిటికి ఒక్కని కాడికే ఎందుకు పోతం బిడ్డా?” అన్నారు.

నేను మూడేళ్లు బిల్లులు చూసి నేర్చుకున్నది ఆయనకు ఎడ్లబండి నాడే తెలుసు. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని సామెత. కందెన ఇంటివాళ్లు వేసుకునేది. దానికి డీలర్ అక్కర్లేదు, పెద్ద చదువూ అక్కర్లేదు. మిగతా పనికి వడ్లాయన ఎవరో, కమ్మరాయన ఎవరో తెలుసుకుంటే చాలు. అది తెలియాలంటే మాత్రం ఇంట్లో ఒక్కరైనా కారు పుస్తకం చదివి ఉండాలి, బిల్లులో ప్రతి లైనూ చూడాలి. ఆ పని ఆడవాళ్లం బాగా చేయగలం. రోజూ ఇంట్లో చేసేది అదే కదా.

ఇప్పుడు మా కారు డ్యాష్‌బోర్డు అరలో చిన్న నోటు పుస్తకం ఉంది. తేదీ, కిలోమీటర్లు, చేసిన పని, ఎవరు చేశారు, ఎంతైంది అన్నీ అందులో ఉంటాయి. రాసేది మా అమ్మాయి. రేపు తను కారు కొనుక్కున్నప్పుడు ఏ సర్వీస్ సెంటర్‌లోనైనా “ఇది ఎందుకు?” అని అడగగలిగితే నాకు అదే చాలు.