పటంలో బర్లింగ్టన్

కలం స్నేహం పిల్లలకు ఏమిస్తుందో తెలియాలంటే ఆన్ ఫ్రాంక్ రాసిన ఒక ఉత్తరం చూడాలి. డైరీ మొదలుపెట్టకముందు నాటిది.

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో డాన్విల్ అనే చిన్న ఊరు. అక్కడి టీచరు బర్డీ మాథ్యూస్ తన పిల్లలకు విదేశాల్లో కలం స్నేహితులను వెతికిపెట్టేవారు. జువానిటా వాగ్నర్ అనే అమ్మాయికి ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఆన్ పేరు దక్కింది.

జువానిటా ఉత్తరానికి 1940 ఏప్రిల్ 29న ఆన్ జవాబు రాసింది, అదీ ఇంగ్లీషులో. (నాన్న చేయి పడే ఉంటుంది లెండి!) అప్పటికి ఆమెకు 10 ఏళ్లు. తన బడి ముచ్చట్లు చెప్పింది. పిక్చర్ పోస్టుకార్డులు 800 దాకా పోగేశానంటూ, ఆమ్‌స్టర్‌డామ్ బొమ్మున్న కార్డొకటి జతచేసింది. అంతేనా, పటం ముందేసుకుని డాన్విల్ దగ్గరి బర్లింగ్టన్‌ను వెతికి పట్టుకుంది. పరీక్షకు తప్ప అట్లాసు తెరవని పిల్లలు ఎందరు లేరు! అవతల తన ఈడు పిల్ల ఉందంటే ఆ ఊరెక్కడో తెలుసుకునేదాకా నిద్ర పట్టదు మరి.

ఆన్ అక్క మార్గో కూడా జువానిటా అక్క బెట్టీ ఆన్‌కు రాసింది. మే 10న జర్మనీ నెదర్లాండ్స్‌పై దాడి చేసింది. ఆ తర్వాత ఉత్తరాల్లేవు. యుద్ధం ముగిశాక బెట్టీ ఆన్ మళ్లీ రాస్తే, బదులిచ్చింది ఆన్, మార్గోల తండ్రి ఒట్టో ఫ్రాంక్.

1988లో ఆ ఉత్తరాలు వేలంలో 1,65,000 డాలర్లు పలికాయి.