కుర్చీలోనే కోలాటం!

కుర్చీలో కూర్చుని కోలాటం ఆడొచ్చని మీకు తెలుసా? నాకు ఈమధ్యే తెలిసింది. తెలిసిన దగ్గర్నుంచి నోరు ఆగడం లేదు. ఆఫీసులో చెప్పాను. లిఫ్టులో కలిసిన పక్కింటాయనకు చెప్పాను. మెడికల్ షాపులో బీపీ మాత్రల కోసం నిలబడ్డ, ముక్కూమొహం తెలియని ఒక పెద్దాయనకూ చెప్పాను. ఇప్పుడు మీ వంతు.

మా మేనత్త హైదరాబాద్ శివార్లలో ఒక సీనియర్ లివింగ్ కమ్యూనిటీకి మారింది. పిల్లలిద్దరూ డల్లాస్‌లో ఉంటారు. మామయ్య పోయాక అంత పెద్ద ఫ్లాట్‌లో ఒక్కతే ఉండలేక, ఎవరూ చెప్పకుండానే తనే వాకబు చేసుకుని వెళ్లింది. ఒక శనివారం పొద్దున చూసొద్దామని బయల్దేరాను. గదికి తాళం. ‘అమ్మగారు కింద హాల్లో ఉంటారు సార్, ఇది క్లాసు టైము’ అన్నాడు సెక్యూరిటీ అబ్బాయి. హాలు తలుపు తీయకముందే టకటకమని చప్పుడు, దాని మీదుగా ఘంటసాల పాట, ఆ పాటను మించి నవ్వులు.

లోపల రెండు వరసలుగా, ఎదురెదురుగా కుర్చీలు. అందరూ డెబ్బై దాటినవాళ్లే, కొందరు ఎనభై ఐదూ దాటినవాళ్లు. చేతుల్లో కోలాటం కర్రలు. ముందు తమ కర్రలు తామే కొట్టుకుంటారు, తర్వాత ఎదుటివాళ్లతో, ఆ తర్వాత నడుము తిప్పి కుడిపక్కవాళ్లతో, మళ్లీ ఎడమపక్కవాళ్లతో. కాళ్లూ ఖాళీగా లేవు. ఒక దరువుకు మడమ, ఇంకో దరువుకు మునివేళ్లు. మధ్యలో తిరుగుతూ ఫిజియో అమ్మాయి అరుస్తోంది: ‘అమ్మమ్మా, మడమ! తాతగారూ, ఊపిరి బిగపట్టకండి!’ రెండు మోకాళ్లకూ ఆపరేషనైన మా అత్తయ్య నన్ను చూసి, కర్ర ఆపకుండానే, ‘ఏరా, వచ్చావా? ఆ మూల కూర్చో. మాకింకా రెండు పాటలున్నాయి’ అంది.

ఆ మూల కూర్చుని చూస్తుంటే నాకు మతి పోయింది. ఆటలో భుజాలు తిరుగుతున్నాయి, నడుము మెలిక పడుతోంది, చీలమండలు ఆడుతున్నాయి. వీటన్నిటితో పాటు మెదడు లెక్క తప్పకుండా చూసుకోవాలి, లేకపోతే కర్ర గాల్లోకి పోతుంది. ఇదే పనిని ‘కుడి భుజం పదిసార్లు తిప్పండి’ అని చెబితే మూడోసారికే ఎవరికైనా విసుగొస్తుంది. పాట మీద అయితే చరణం అయ్యేదాకా ఆపమన్నా ఆపరు. ఇక్కడ అందరికీ ముఖ్యం ఆటే. వ్యాయామం దాని చాటున జరిగిపోతోంది.

కోలాటం అయ్యాక బెలూన్ వాలీబాల్! రెండు స్తంభాలకు పాత చీర అడ్డంగా కట్టారు, అదే నెట్. నియమం ఒక్కటే, కూర్చున్నవాళ్లు కుర్చీ వదలకూడదు. బెలూన్‌కు బరువు లేదు, మెల్లగా దిగుతుంది, కంటికీ చేతికీ తీరిక దొరుకుతుంది. తగిలినా దెబ్బ లేదు. ‘తల దువ్వుకోవడానికి కూడా చెయ్యి లేవడం లేదు’ అని అంతకుముందే నాతో చెప్పిన టీచరమ్మగారు, బెలూన్ తన మీదుగా పోతుంటే రెండు చేతులూ పైకెత్తి కొట్టారు! ఇక మాటలు వింటే ఏ స్టేడియమూ పనికిరాదు. ‘మేనేజరు గారూ, బ్యాంకులో లోన్లు కూడా ఇలాగే జారవిడిచారా?’ అని ఒకరంటే, ‘మీకు ఇచ్చినవే జారాయి’ అని ఆయన జవాబు.

ఆ తర్వాత తంబోలా. ఇది మనకు తెలిసిందే కదా అనుకుంటున్నారా? ఆగండి. ఇక్కడ నంబరు చదవగానే చీటీలో ఉన్నవాళ్లు కుర్చీలోంచి లేచి నిలబడి, మళ్లీ కూర్చుని, అప్పుడు కొట్టేసుకోవాలి. చివర్లో ఏడు వస్తే అందరూ మడమలు పైకెత్తాలి. హౌసీ పడేసరికి ఒక్కొక్కరు ఎన్నిసార్లు లేచి కూర్చున్నారో! చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి లేవగలగడమంటే తొడల బలం. ఆ బలం ఉంటేనే బాత్రూంలో కమోడ్ మీంచి ఒకరి సాయం లేకుండా లేవగలం. పెద్దవాళ్ల స్వతంత్రం అంతా ఆ లేవడంలోనే ఉంది.

దీనికి ఓ పరీక్ష కూడా ఉందని ఫిజియో అమ్మాయి చెప్పింది. చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు నిండుగా లేచి కూర్చోగలరో లెక్కపెడతారు. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ పెట్టిన లెక్క ప్రకారం 75 నుంచి 79 ఏళ్ల ఆడవాళ్లు 10 కంటే తక్కువ, మగవాళ్లు 11 కంటే తక్కువ చేస్తే పడిపోయే ముప్పు ఎక్కువని అర్థం. మా అత్తయ్య చేరినప్పటికంటే ఇప్పుడు బాగా ఎక్కువ చేస్తోందట. తన స్కోరు ఇంటర్ మార్కుల్లాగా అమెరికాలో కూతురికి ఫోన్ చేసి మరీ చెప్పుకుంటోంది.

ఇంటికొచ్చాక నిద్ర పట్టక ఈ విషయం మీద చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ ఆశ్చర్యమే! 1990లో బోస్టన్‌లో మారియా ఫియతరోన్ బృందం ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఉన్న, బాగా బలహీనపడిన పదిమందితో ఎనిమిది వారాల పాటు కాళ్లతో బరువులు ఎత్తించింది. వాళ్ల సగటు వయసు 90! చివరిదాకా నిలిచిన తొమ్మిదిమందిలో కండబలం సగటున 174 శాతం పెరిగింది. తొంభయ్యేళ్ల కండరం కూడా పని చెబితే బలం పుంజుకుంటుందన్నమాట. ‘ఈ వయసులో ఇంకేం చేస్తాంలే’ అనే మాటకు ఇంతకంటే గట్టి జవాబు నాకైతే కనిపించలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలూ ఇదే దారిలో ఉన్నాయి. 65 దాటినవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలి, కనీసం రెండు రోజులు కండబలానికి పని చెప్పాలి, కనీసం మూడు రోజులు తూలిపోకుండా నిలబడే సాధన చేయాలి. మనవాళ్లు మొదటిది సాయంత్రం నడకతో ఎలాగో లాక్కొస్తారు. రెండోదీ మూడోదీ ఎవరూ పట్టించుకోరు. పడి తుంటి ఎముక విరగ్గొట్టుకోకుండా కాపాడేవి మాత్రం ఆ రెండే.

నిలకడ కోసం అత్తయ్య వాళ్ల కమ్యూనిటీలో తాయ్ చీ నేర్పుతున్నారు. చైనా యుద్ధవిద్య నుంచి వచ్చిన నిదానపు కదలికలివి. అందరూ చేసుకునేలా 1956లో చైనా ప్రభుత్వం వీటిని 24 భంగిమలకు కుదించింది. శరీరం బరువును ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మెల్లగా, తెలిసి తెలిసి మార్చడమే ఇందులో కీలకం. పెద్దవాళ్లు ఎక్కువగా పడేది సరిగ్గా అలా బరువు మార్చేటప్పుడే. అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయం 70 దాటిన 200 మంది మీద చేసి 1996లో వెల్లడించిన అధ్యయనంలో, తాయ్ చీ నేర్చుకున్నవాళ్లకు పదేపదే పడిపోయే ముప్పు 47.5 శాతం తగ్గింది. ఇక్కడి పెద్దవాళ్లు దీనికి ‘నత్త డ్యాన్సు’ అని పేరు పెట్టుకున్నారు. వెనకాల కుర్చీ పట్టుకుని కొందరు, పట్టుకోకుండా కొందరు, పక్కవాళ్ల పాదాలు చూసి కాపీ కొడుతూ ఇంకొందరు!

నవ్వుల క్లబ్బు సంగతి చెప్పకపోతే పాపం. దాని పుట్టిల్లు మన దేశమే. 1995 మార్చి 13న ముంబైలో డాక్టర్ మదన్ కటారియా ఒక పార్కులో ఐదుగురితో మొదలుపెట్టారు. మొదట్లో రోజూ జోకులు చెప్పుకునేవారు. కొన్నాళ్లకు జోకుల స్టాకు అయిపోయింది. అప్పుడు జోకు లేకుండానే నవ్వడం మొదలుపెట్టి, దానికి యోగా శ్వాసను జోడించారు. ఉత్తుత్తిగా మొదలైన నవ్వు కాసేపటికి నిజమైపోతుంది, ఎదుటివాళ్ల మొహం చూస్తే ఆగదు మరి. పళ్లసెట్టు తీసి జేబులో పెట్టుకుని నవ్వే తాతగారి పక్కన నిలబడి మీరు గంభీరంగా ఉండగలరేమో చూడండి! నా వల్ల కాలేదు.

కాళ్లు సహకరించనివాళ్లకూ, గోల ఇష్టం లేనివాళ్లకూ వేరే మూల ఉంది. అక్కడ క్యారమ్స్, పేకాట, అష్టాచెమ్మా, వామనగుంటలు. వరసకు ఏడు చొప్పున పద్నాలుగు గుంటలున్న ఆ చెక్కపీటను నేను చివరిసారి చూసింది మా నాన్నమ్మ ఒడిలో. చింతగింజలు ఒక్కొక్కటిగా వదులుతూ పోవడం కీళ్లవాతంతో బిగిసిన వేళ్లకు మంచి పని. ఏ గుంటలో ఆగితే ఏ గుంట దక్కుతుందో ముందే లెక్క కట్టడం బుర్రకు పని. 75 దాటిన 469 మందిని న్యూయార్క్‌లో ఏళ్ల తరబడి గమనించి 2003లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం చదవడం, బోర్డు ఆటలు, వాద్యం వాయించడం, డ్యాన్సు అలవాటున్నవాళ్లలో మతిమరుపు జబ్బు తక్కువగా కనిపించింది. శారీరక వ్యాపకాల్లో ఆ మేలు కనిపించింది డ్యాన్సులో మాత్రమే. ఆటల వల్లే జబ్బు రాలేదని ఇది తేల్చి చెప్పకపోవచ్చు. అయినా మా అత్తయ్య కోలాటానికి ఇంతకంటే సిఫారసు లేఖ ఏం కావాలి?

అందరూ మొదటిరోజే దూకేస్తారని కాదు. రిటైరైన లెక్కల మాస్టారొకరు చాన్నాళ్లు ఇటువైపే రాలేదట. ‘పిల్లచేష్టలు’ అని పేపరు అడ్డం పెట్టుకునేవారట. ఒకరోజు స్కోరు రాసే మనిషి రాకపోతే ఫిజియో అమ్మాయి వెళ్లి, ‘మాస్టారూ, వీళ్లు లెక్కల్లో మోసం చేస్తున్నారు, మీరే కాపాడాలి’ అంది. స్కోరు రాయడానికి వచ్చిన మాస్టారు ఇప్పుడు ఒక టీముకు కెప్టెన్. ఒళ్లు కదలాలంటే ముందు మనిషికి అక్కడ ఒక హోదా ఉండాలి. ‘మీ ఆరోగ్యం కోసం రండి’ అంటే రాని మనిషి, ‘మీరు లేకపోతే టీము ఓడిపోతుంది’ అంటే పరుగున వస్తాడు. మందు వేళకు ఎవరో గుర్తుచేయాలి గానీ, ఆట వేళకు ఎవరూ గుర్తుచేయక్కర్లేదు.

ఇంత సందడిలోనూ జాగ్రత్తలకు లోటు లేదు. చక్రాల కుర్చీలైతే బ్రేకు వేసే ఆట మొదలుపెడతారు. మామూలు కుర్చీలైతే జారనివే వేస్తారు. నేల మీద తివాచీ లేదు, తడి లేదు. చెప్పులు వెనక పట్టీ ఉన్నవే వేసుకోవాలి. ఆటకు ముందు బీపీ చూస్తారు, మధ్యలో మంచినీళ్లు తాగిస్తారు. షుగర్ మందు వేసుకునేవాళ్లు ఖాళీ కడుపుతో రాకూడదు. హెర్నియా ఉన్నవాళ్లు, ఈమధ్యే ఆపరేషనైనవాళ్లు డాక్టరు సరేనన్నాకే నవ్వుల క్లబ్బుకు. గుండెలో నొప్పి, తల తిరుగుడు అనిపిస్తే అక్కడికక్కడే ఆపాలి, మొహమాటం లేదు. ఇవి పాటిస్తే భయపడాల్సిందేమీ లేదు. కదలకుండా మంచాన కూర్చోవడమే ఎక్కువ ప్రమాదం.

ఇదంతా డబ్బున్నవాళ్ల వైభోగం అనేస్తారని నాకు తెలుసు. అలాంటి కమ్యూనిటీలో ఇల్లు అందరికీ అందేది కాదు, నిజమే. కానీ ఆ హాల్లో నేను చూసిన వస్తువులు మళ్లీ లెక్కపెట్టండి: కుర్చీలు, కర్రలు, బెలూన్లు, పాత చీర, చింతగింజలు, ఒక ఫోనులో పాటలు. ఇందులో మన వీధిలో దొరకనిదేది? ఖరీదైనది ఒక్కటే, ఒళ్లు తెలిసిన ఫిజియో. నెలకోసారి పిలిపించి, ఎవరు ఏది చేయొచ్చో రాయించుకుంటే ఆ ఖర్చును పదిమందీ పంచుకోవచ్చు.

అందుకే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల వారికి నాదొక విన్నపం. పిల్లలు బడికీ, పెద్దలు ఆఫీసుకూ వెళ్లాక మీ క్లబ్‌హౌస్ మధ్యాహ్నం దాకా ఖాళీగా తాళం వేసి ఉంటుంది. వారంలో మూడు పొద్దులు, పొద్దుకు ఒక గంట చొప్పున దాన్ని మీ అపార్ట్‌మెంట్‌లోని పెద్దవాళ్ల పేర రాసివ్వండి. నోటీసు బోర్డు మీద మాత్రం ‘వ్యాయామ తరగతులు’ అని పెట్టకండి, ఎవరూ రారు. ‘ఆటల పోటీ, టీముకు మనుషులు కావలెను’ అని పెట్టండి.