పెరటి మందారం, గట్టు గంగరావి

మందారం, గంగరావి, బెండ, గోగు, పత్తి ఒకే కుటుంబానికి చెందినవి. వృక్షశాస్త్రంలో దాని పేరు మాల్వేసి. నెల్లూరు తీరాన మైపాడు, కొత్తకోడూరు వైపు ఇసుక నేలల పెరళ్లలో పూజకు పువ్వు, పచ్చడికి గోంగూర, పులుసుకు బెండకాయ ఈ ఒక్క కుటుంబమే ఇస్తుంది. బెండకాయ కోస్తే చేతికి అంటుకునే జిగురే, తలంటుకోసం నూరిన మందారాకులోనూ ఉంటుంది.

పాత పెరటి మందారం ఒంటిరేకుది. ఐదు ఎర్రటి రేకులు. వాటి మధ్యనుంచి పొడుగ్గా బయటికి వచ్చే సన్నని గొట్టం. కేసరాల కాడలన్నీ కలిసిపోయి ఏర్పడిన గొట్టమది. పైభాగాన పసుపు పుప్పొడి, కొసన ఐదు చిన్న ఎర్రటి బొడిపెలు. ఈ కుటుంబానికి ఆ గొట్టమే గుర్తు. బెండపువ్వును విప్పి చూసినా పొట్టిగా అదే కనిపిస్తుంది. ముద్దమందారంలో కేసరాలు చాలావరకు రేకులుగా మారిపోతాయి. పువ్వు నిండుగా ఉంటుంది, నిజమే. కానీ రేకుల మధ్య గొట్టం అమరిక అందం ఒంటిరేకుదే, తేనెపిట్టకు తేనె సులువుగా అందేదీ అందులోనే. పూసిన పువ్వు మర్నాటికి వాడుతుంది, చెట్టు మాత్రం దాదాపు ఏడాదంతా పూస్తుంది. కాయ కాయడం అరుదు గనుక కొమ్మలే నాటుతారు. ఈ తీరానికి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. కొమ్మ వేరు పట్టడానికి ఆ తడి బాగా కలిసివస్తుంది. ఎండలు ముదిరాక లేత చిగుళ్లకు పిండినల్లి పడుతుంది.

పెరటి గట్టున, కాలవ ఒడ్డున గంగరావి ఉంటుంది. ఉప్పు నేలకూ సముద్రపు గాలికీ అది ఇట్టే ఓర్చుకుంటుంది. గింజలు ఉప్పునీటిలో తేలి దూరతీరాలకు చేరతాయి. ఆకు రావాకును పోలి ఉంటుంది. లేత పసుపుగా, లోపల ముదురెరుపు మచ్చతో విచ్చిన పువ్వు, వాడేవేళకు ఊదా ఎరుపుకు తిరుగుతుంది.

1781 నుంచి సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ తన ‘ఫ్లోరా ఇండికా’లో మొక్కల శాస్త్రీయ వర్ణనల పక్కన తెలుగు పేర్లూ రాసిపెట్టాడు. పెరళ్ల గురించి రాసేవారికి అది ఇప్పటికీ మంచి దారి.

కంచె పక్కన ఎవరూ నాటకుండానే ఈ కుటుంబానిదే అయిన తుత్తురబెండ మొలుస్తుంది. దాని పసుపు పువ్వు పొద్దు వాలే వేళ విచ్చుకుంటుంది. చక్రంలాంటి గరుకు కాయను పిల్లలు ముద్రగా వాడతారు. కలుపని పీకేసే ముందు ఒక్క మొక్కనైనా ఉంచాలి.