ములికి వెల



తెలుగులో ‘అలుగు’ అన్న మాటకు ఎన్ని అర్థాలున్నాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి. కినుక వహించడం అలుగు. చెరువు నిండినప్పుడు మిగులు నీరు పొర్లిపోయే కట్ట అలుగు. ఒంటినిండా పొలుసులుండి చీమలను తిని బ్రతికే అడవి జంతువు అలుగు. బాణపు కొసన అమర్చే ఇనుప మొన కూడా అలుగే. దానికే ములికి అని మరో పేరు. మూడు దశాబ్దాలు పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పిన నేను ఈ చివరి అర్థాన్ని నిఘంటువులో మాత్రమే ఎరుగుదును. ఈ మధ్య అది అంగడి సరుకై నా ముందుకు వచ్చింది.

నా పూర్వ శిష్యుడొకడు అమెరికాలో మోంటానా రాష్ట్రంలో ఉంటున్నాడు. అక్కడి ప్రభుత్వం ఇచ్చే అనుమతి తీసుకుని, విల్లంబులతో ఎల్క్ అనే పెద్ద దుప్పిని వేటాడబోతున్నాడు. మగ ఎల్క్ మూడు వందల కిలోలకు పైగా తూగుతుందట. “సార్, మూడు ములుకుల పొట్లం యాభై డాలర్లదీ ఉంది, ముప్పైదీ ఉంది. తక్కువ ధరలో గురి తప్పనిది కావాలి. మన పూర్వులు ఏం చూసి ఎంచుకునేవారు?” అని అడిగాడు. నేను శాకాహారిని. వేట నాకు రుచించే విషయం కాదు. అయినా అడిగినది శిష్యుడు. పైగా ప్రశ్నలో సగం భాషకు చెందినది. పెద్ద జంతువు మీద తప్పు ములికి వాడితే బాధపడేది జంతువు కనుక, నాకెందుకులే అని తోసిపుచ్చడానికి మనసొప్పలేదు.

మరునాడు అశోక్ నగర్‌లోని మా ఇంటి నుండి చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి నడిచి వెళ్ళాను. ధనుర్వేద గ్రంథాలు బాణపు మొనలను ఆకారాన్ని బట్టి పది రకాలుగా చెప్పాయి. ఆరాముఖం, క్షురప్రం, గోపుచ్ఛం, అర్ధచంద్రం, సూచీముఖం, భల్లం, వత్సదంతం, ద్విభల్లం, కర్ణికం, కాకతుండం. ఇవి అలంకారానికి పెట్టిన పేర్లు కావు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క పని. కవచాన్ని భేదించడానికి సూది వంటి సూచీముఖం, గుండెను భేదించడానికి వెడల్పు రేకుల భల్లం. శిష్యుడు అడిగిన సరుకు ఈ భల్లం కోవకు చెందినదే. మొనకు పదును నిలిచేందుకు పిప్పలి, సైంధవలవణం, కోష్ఠు కలిపి గోమూత్రంతో నూరి పూసి, నెమలి కంఠపు రంగు వచ్చేదాకా కాల్చి, తేటనీట ముంచమని కూడా ఆ గ్రంథాలలో ఉన్నది. ఉక్కును కాలుస్తున్నప్పుడు ఆ నీలిరంగు తేలే వేళను కనిపెట్టడం కమ్మరి విద్యలో కీలకం. పూర్వులు చూసినది ముందుగా పనికి తగిన ఆకారం, ఆపైన పదును. వెల ప్రసక్తి ఎక్కడా కనబడలేదు.

ఆ పఠనమందిరంలో పోటీపరీక్షలకు చదువుకునే పిల్లలే ఎక్కువ. అశోక్ నగర్ శిక్షణ కేంద్రాలకు వచ్చి, ఇరుకు గదులలో ఉంటూ, పగలంతా ఇక్కడ గడుపుతారు. నా ముందున్న బొమ్మలు చూసి పక్కనున్న యువకుడు పలకరించాడు. మన్ననూరు దిక్కు నుండి వచ్చిన చెంచు బిడ్డ. గ్రూప్స్‌కు చదువుతున్నాడు. “మా తాత దగ్గర విల్లుండేది సార్. బాణం తగిలిందని ఎంబడే ఉరకొద్దు, అది పండుకునేదాంక ఆగాలె అనేటోడు,” అన్నాడు. ములికి ఎక్కడ కొనేవారని అడిగితే నవ్వి, “కొత్తది ఎప్పుడో ఒకసారి సార్. ఉన్నదాన్నే రాయి మీద నూరేటోడు,” అన్నాడు.

నల్లమల చెంచుల జీవితాన్ని హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పండితుడు 1940లో దగ్గరుండి చూసి, 1943లో గ్రంథం వెలువరించాడు. చెంచులు వెదురుతో విల్లు చేసుకోగలరు గాని, ఇనుము వారి చేతిపని కాదు. ఇనుప సరుకుకు మైదానం వారి మీద ఆధారపడవలసినదే. అటువంటి ఇంట ఒక్క ములికి పోయినా నష్టమే. చవక అన్నదానికి అసలైన అర్థం ఆ తాత చేతిలో ఉన్నది. తక్కువకు కొన్నది కాదు, ఎక్కువకాలం నిలిచేది చవక.

ఆ యువకుడి ముందున్న పుస్తకంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్నది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కూడా ఉన్నది. రెండవది అడవి బిడ్డలకు ఎన్నో సంప్రదాయ హక్కులను గుర్తించింది గాని, వేటాడే హక్కును మాత్రం ప్రత్యేకంగా మినహాయించింది. ఆ సెక్షన్ అతనికి కంఠస్థం. పులులూ దుప్పులూ మిగలాలంటే ఆ కట్టుబాటు అవసరమే, నేను కాదనను. కాని తాత నూరిన ములికి మనవడికి పరీక్షలో ఒక్క మార్కు ప్రశ్నగా మిగలడం చూస్తే మనసు కలుక్కుమన్నది.

తిరుగుదారిలో నారాయణగూడ సందులో సైకిలు మీద సానరాయి బిగించుకుని కత్తులకు పదును పెట్టే మనిషి కనబడ్డాడు. పదును కుదిరినదీ లేనిదీ ఎట్లా తెలుస్తుందని అడిగాను. అతడు ఒక కాగితం ముక్కను గాలిలో పట్టుకుని కత్తితో గీశాడు. చప్పుడు లేకుండా తెగింది. మరో కత్తితో గీస్తే చిరిగింది. “తెగాలె, చిరగొద్దు,” అన్నాడు. సంస్కృతంలో ‘నిశితం’ అంటే నూరబడినది అని చాలాసార్లు వివరించాను గాని, ఇంత సూక్ష్మంగా చెప్పలేదు.

ఇవన్నీ కలిపి శిష్యుడికి వ్రాసిన జవాబు సారాంశం ఇది.

తూటా వలె బాణం దెబ్బ అదురుతో చంపదు. రక్తనాళాలను తెగకోసి చంపుతుంది. శుభ్రంగా తెగిన నాళం త్వరగా మూసుకోదు, జంతువు క్షణాలలో స్పృహ తప్పుతుంది. మొద్దు ములికి చీల్చిన గాయంతో అది మైళ్ళు పరుగెత్తి, ఎక్కడో పొదలో రోజుల తరబడి బాధపడి చస్తుంది. కనుక మొదట చూడవలసినది పదును.

రెండవది ఆకారం. ఎగిరేటప్పుడు ముడుచుకుని తగిలినప్పుడు గొడుగులా విచ్చుకునే ములుకులున్నాయి. అవి గాలిలో చక్కగా పోతాయి గాని, విచ్చుకోవడానికే బాణపు బలంలో కొంత ఖర్చవుతుంది. ఎముక తగిలితే రేకులు వంగే ప్రమాదమూ ఉన్నది. పెద్ద జంతువుకు, అందులోనూ వింటి బిగువు తక్కువైతే, కదలని రేకులతో ఒకే ఉక్కుముక్కగా చేసినది మేలు. అరిగితే నూరుకోవచ్చు, ఏళ్ళు నిలుస్తుంది. ఆ విధంగా అదే చవక.

మూడవది బరువు. ములుకులను గ్రెయిన్లలో తూస్తారు. నూరు, నూటపాతిక గ్రెయిన్లవి సాధారణం. గ్రెయిన్ అంటే గింజే. నూరు గ్రెయిన్లు ఆరున్నర గ్రాములు, మన కంసాలి లెక్కలో సుమారు 53 గురిగింజల ఎత్తు. సాధన చేసే మొనా వేటకు వాడే ములికీ ఒకే బరువుండాలి. చవక పొట్లంలో మూడింటికీ మూడు బరువులుంటే గురి కుదరదు, చిన్న తక్కెడలో తూచి చూడాలి.

నాల్గవది తిన్నదనం. అమరకోశం బాణానికి ఇచ్చిన పేర్లలో ‘అజిహ్మగం’ ఒకటి, వంకర లేక పోయేది అని. ఆ పేరు బాణం మొత్తానిది, ములికిది కాదు. వెడల్పు రేకులు గాలిని పట్టి, బాణంలో ఏ కొంచెం వంకరున్నా దాన్ని పెంచుతాయి. మొన నేలకు ఆన్చి బాణాన్ని బొంగరంలా తిప్పితే, ఊగితే బిగింపు సరిగా లేదన్నమాట. దగ్గర నుండి కాగితంలోకి కొట్టి చూస్తే, చిరుగు ఒక పక్కకు సాగితే బాణం తిన్నగా పోవడం లేదన్నమాట. ఈ దోషాలను యాభై డాలర్లది కూడా తీర్చలేదు. ఇవి లేకపోతే ముప్పై డాలర్లది చాలు.

అయితే ఈ నాలుగింటికీ పైన మరొకటి ఉన్నదని వ్రాశాను. భాగవతం ఏకాదశ స్కంధంలో ముసలం అరగదీయగా మిగిలిన ఇనుప ముక్కను సముద్రంలో పారవేశారు. దాన్ని చేప మింగింది. చేప వలలో పడింది. ఆ ముక్క జరుడనే వేటకాడికి ములికి అయింది. కానీ ఖర్చు లేని ములికి, గురి కూడా తప్పలేదు. అయితే అతడు లేడి అనుకుని కొట్టినది శ్రీకృష్ణుని పాదం. దశరథుడు చీకటిలో ఏనుగు నీళ్ళు త్రాగుతున్నదని చప్పుడును బట్టి కొట్టినది కడవ ముంచుతున్న మునికుమారుణ్ణి. ఆ గురీ తప్పలేదు. రెండు చోట్లా ములికిలో లోపం లేదు, చూపులో ఉన్నది. ఎదుటనున్నది ఏమిటో, అది ఎటు తిరిగి నిలిచిందో కళ్ళారా తేలేదాకా నారి వదలకపోవడానికి కానీ ఖర్చు కాదు.

ఒంట్లో దిగి మిగిలిపోయిన ములికిని సంస్కృతంలో శల్యం అంటారు. సుశ్రుతుని శాస్త్రంలో శస్త్రచికిత్సకే శల్యతంత్రమని పేరు. మానవుడికి గుచ్చుకుంటే తీయడానికి ఒక శాస్త్రం పుట్టింది. జంతువుకు గుచ్చుకుంటే తీసే వైద్యుడు లేడు. కనుక ఆ శాస్త్రం ముందే వేటగాడి చేతిలో ఉండాలి, సానరాయి రూపంలో, ఓర్పు రూపంలో. ములికికి చెల్లించవలసిన అసలు వెల అదే.