ఉప్పుచేపను ఎన్నుకున్నాము

మేము తోడికోడళ్ళము. బందరుకు దగ్గరి పల్లెలో ఒకే ప్రహరీలో రెండు పొయ్యిలు పెట్టుకొని కాపురము చేస్తున్నాము. ఆదివారము ఆరాధన అయ్యాక వేపచెట్టు క్రింద మమ్ములను నిలబెట్టి, "అక్కా, మేమూ యూట్యూబులో వంటల ఛానెలు పెడతాము, ఏ వంటలు చెయ్యమంటారు?" అని అడిగే పిల్లలు ఎక్కువయ్యారు. నిలబడి రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు గనుక ఇక్కడ వ్రాస్తున్నాము.

2020లో లాక్‌డౌను వచ్చినప్పుడు మా ఇంటివారిలో ఒకరి ఆటో వాకిట్లో ఆగిపోయింది. ఇంకొకరిది కౌలు వ్యవసాయము, దాని సంగతి మీకు చెప్పనక్కరలేదు. మరుసటి సంవత్సరము డ్వాక్రా అప్పులో పదిహేను వేలు తీసి మంచి ఫోను, దానిని నిలబెట్టే స్టాండు కొన్నాము. నెలనెలా వాయిదా కట్టాలి. అందుచేత ఇది మాకు సరదా కాదు.

మొదటి ఏడాది మేము చేసినవి తలచుకుంటే నవ్వు వస్తుంది. కుక్కరులో కేకు, చికెన్ బిర్యాని, గోబీ మంచూరియా, ఇడ్లీ పాత్రలో పిజ్జా! ఆ పిజ్జా మేము అంతకుముందు రుచి చూసి ఎరుగము. ఎవరి వీడియో బాగా నడుస్తుంటే అదే మేమూ చేసి పెట్టాము. తొంభై వీడియోలకు మూడువందల చిల్లర సబ్‌స్క్రైబర్లు వచ్చారు, వారిలో సగము మా చుట్టాలే. ప్రకటనల డబ్బులో వాటా రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, పన్నెండు నెలల్లో నాలుగువేల గంటల వీక్షణ ఉండాలని 2018 నుండి ఉన్న నియమము. మావి నాలుగువందల గంటలు కూడా లేవు.

మాలో పెద్దామె కూతురు డిగ్రీ చదువుతున్నది. ఒకరోజు ఫోనులో లెక్కలన్నీ తీసి చూపింది. కేకు చూసినవారు పప్పుచారు తెరవలేదు. పప్పుచారు చూసినవారు పిజ్జా జోలికి పోలేదు. "పిన్నీ, మన కొట్టులో ఏమి అమ్ముతారో ఎవరికీ తెలియడం లేదు" అన్నది. అది నిజమే. సంజయ్ తుమ్మగారు 2007లో వారెవా మొదలుపెట్టిన రోజుల్లో ఇంటర్నెట్టులో వంట చూపేవారే అరుదు. ఆయన అన్ని వంటలూ చేయవచ్చు. 2016లో తెనాలి వైపు గుడివాడ అనే పల్లె నుండి కంట్రీ ఫుడ్స్ ఛానెలులో కనిపించిన మస్తానమ్మగారిని జ్ఞాపకము చేసుకోండి. నూరేండ్లు దాటిన ముసలమ్మ ఆరుబయట కట్టెలపొయ్యి దగ్గర కూర్చొని వండితే ప్రపంచము చూసింది. 2018 డిసెంబరులో ఆమె చనిపోయారు. ఆ పొయ్యి దగ్గర ఇంకొకరిని కూర్చోబెడితే అది వేరే ఛానెలే అవుతుంది గదా! మరి మా ఇంట్లో అలాంటిది ఏమున్నది? వారము రోజులు ఆలోచించినా మాకు తట్టలేదు.

ఆ వారములోనే మా అత్తమ్మ వాకిట్లో కూర్చొని ఎండు మెత్తళ్ళు బాగుచేస్తున్నది. మాలో చిన్నామె ఊరికే ఆమె చేతుల మీద ఫోను పెట్టింది. అత్తమ్మ తన ధోరణిలో తాను చెప్పుకుపోయింది. "ముందు వట్టి మూకుట్లో వెచ్చబెట్టాలే. తలలు వాటంతటవే తుంచుకొస్తాయి. నీళ్ళల్లో వేసి పిసక్కండి, ముక్కలైపోతాయి. కలియబెట్టి పైపైన తేల్చి తియ్యండి, ఇసుక అడుక్కి పోద్ది." అంతే వీడియో. పేరు కూడా సరిగా పెట్టలేదు. మూడు రోజుల్లో మా బిర్యానికి ఏడాదిలో రానంతమంది చూశారు. కువైట్‌లో ఇంటిపని చేసుకొనే ఒక సోదరి, "అమ్మా, దొరసాని వాసన అంటుంది, ఎలా వండుకోవాలి?" అని వ్రాసింది. "వాసన లేకపోతే అది ఎండుచేప ఎందుకవుద్ది?" అని ముందు కసిరి, తరువాత పసుపు వేసిన వేడినీళ్ళు, బియ్యపు కడుగు, చింతపండు పులుసు సంగతి అత్తమ్మే చెప్పింది.

ఛానెలంతా ఎండుచేపలతోనే నడుపుదామని చిన్నామె అన్నది. పెద్దామె ససేమిరా అన్నది. ఈ సంగతి దాచకుండా చెప్పాలి. మేమిద్దరమూ బడిలో క్యారేజి మూత తీసినప్పుడు ముక్కు మూసుకొని దూరము జరిగిన పిల్లలను చూసినవాళ్ళమే. పట్నములో అద్దెకు ఉన్నప్పుడు ఉప్పుచేప వేయించిన మర్నాడే ఇల్లు ఖాళీ చేయమన్నారు. ఇన్నాళ్ళూ తలుపు వేసుకొని వండుకున్న కూరను ఊరంతటికీ చూపుతామా? పైగా పెళ్ళీడు పిల్ల ఉన్నది. "ఎండుచేపల వాళ్ళ పిల్ల అని పేరు పడితే సంబంధము ఎవరు తెస్తారు?" అని పెద్దామె ఏడ్చింది. పదిరోజులు మా రెండు పొయ్యిల మధ్య మాటలు లేవు.

చివరకు ఆ పిల్లే ఒక పాతనోటుబుక్కు తెచ్చి, "తగవు తరువాత, ముందు వ్రాయండి. యాభై వీడియోలకు సరిపడా సరుకు ఉంటేనే ఇది, లేకపోతే మానేద్దాము" అన్నది. మిమ్ములను కూడా ముందు ఈ పని చేయమంటున్నాము. బిర్యాని దగ్గర మా కలము మూడు పేర్లకే ఆగింది. ఎండుచేప దగ్గర అత్తమ్మ చెబుతుంటే వ్రాయలేకపోయాము. గోంగూర ఎండురొయ్యలు, సొరకాయ ఎండురొయ్యలు, వంకాయ మెత్తళ్ళు, మామిడికాయ వేసిన పులుసు, పప్పుచారులోకి ఉప్పుచేప వేపుడు, రొయ్యపొడి. ఆపై, గిలకలదిండిలో గంపల దగ్గర మంచి సరుకు ఎలా గుర్తుపట్టాలి, వానాకాలములో బూజు పట్టకుండా డబ్బాలో ఎలా దాచాలి, ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు అరవైఒక్క రోజులు మరపడవల వేట ఆపేసినప్పుడు వీటితో ఇల్లు ఎలా గడుస్తుంది. ఆ రాత్రికే నలభైమూడు అయ్యాయి. నలభైనాలుగవది పెద్దామె తనంతట తానే చెప్పింది. వాళ్ళ అమ్మ చేసే తోటకూర ఎండురొయ్యలు.

వెంటనే లాభమేమీ రాలేదు. కేకు కోసము చేరినవారు కొందరు వెళ్ళిపోయారు. అసహ్యమైన మాటలు వ్రాసినవారూ ఉన్నారు. వెయ్యిమంది కావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. వంద డాలర్లు పోగైతేనే డబ్బు పంపుతారు, దానికి మరికొన్ని నెలలు. ఫోను అప్పు తీరింది. ఇల్లు మాత్రము ఇప్పటికీ ఆటో మీద, చేను మీదే నడుస్తున్నది. ఎవరైనా దీనితో లక్షలు వస్తాయంటే నమ్మకండి.

మొన్న మార్చిలో పిల్లను చూడడానికి వచ్చారు. వరుని తల్లి అత్తమ్మను గుర్తుపట్టి, "వీడియోల్లో మీరే కదూ?" అన్నది. పెద్దామె తలవంచుకున్నది. టీ త్రాగి వెళ్ళారు. ఇంతవరకు కబురు లేదు. ఎండుచేప వలననో, మేము ఇవ్వలేమన్న కట్నము వలననో మాకు తెలియదు. పిల్ల మాత్రము వాళ్ళు వెళ్ళిన సాయంత్రమే చీర మార్చుకొని, స్టాండు తెచ్చి వాకిట్లో నిలబెట్టి, "నాన్నమ్మా, చింతచిగురు ముదరకముందే రొయ్యలు తీసేద్దాం రా" అని కేకవేసింది.