శిబిరమునకు మూటాముల్లె

గ్రామములో ఏడు దినములుండి పని చేయుట కష్టమా, ఆ ఏడు దినములకు మూట కట్టుకొనుట కష్టమా అని అడిగినచో, విద్యార్థులతో ఒకమారైనను సేవా శిబిరమునకు వెళ్ళిన అధ్యాపకుడెవరైనను రెండవదే కష్టమని చెప్పును. పని మొదలైన పిమ్మట చేతులు తామే నేర్చుకొనును. మూట మాత్రము బయలుదేరక పూర్వమే, ఉండబోవు చోటును ఊహించి కట్టవలసినది.

జాతీయ సేవా పథకము గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24వ తేదీన, 37 విశ్వవిద్యాలయములలో ఆరంభమైనది. రెండు సంవత్సరములలో 240 గంటల సేవ, దానితోపాటు దత్తత గ్రామములో ఏడు దినముల ప్రత్యేక శిబిరము ఇందులో ముఖ్యభాగములు. ‘నేను కాదు, నీవు’ అనునది ఈ పథకపు ఆదర్శవాక్యము. ఆ వాక్యమునకు అర్థము గ్రామము చేరిన తరువాత కాక, కళాశాల వరండాలో కూర్చుండి సామానుల పట్టిక వ్రాయునప్పుడే బోధపడునని మా అనుభవము.

మొదటి ఆలోచన తేదీలను గూర్చి. పరీక్షలు చూచుకొనవలెను, సంక్రాంతి చూచుకొనవలెను, గ్రామస్థుల కోతల పనులు చూచుకొనవలెను. మా వంటి కళాశాలలో రంజాన్ మాసమును కూడ చూచుకొనవలెను. హిజ్రీ సంవత్సరము సుమారు 11 దినములు చిన్నదగుటచే రంజాన్ ఏటేట ముందునకు జరుగుచు శీతకాలములోనికి వచ్చుచున్నది. 2030లో జనవరియందొకమారు, డిసెంబరునందు మరియొకమారు ఆరంభము కానున్నది. ఉపవాసమున్న పిల్లలను ఎండలో పలుగు పట్టుమనుట న్యాయము కాదు. విద్యార్థినుల తల్లిదండ్రులతో మాటలాడుట, వారి వెంట ఉండుటకు అధ్యాపకురాలిని ఒప్పించుట, బడి గదులకు లోపలి గడియలున్నవో లేవో ముందుగా వెళ్ళి చూచివచ్చుట కూడ ఈ దశలోనే జరుగవలెను.

పిమ్మట వంట సామాను. 50 మందికి, తలకు దినమునకు 400 గ్రాముల చొప్పున, 20 కిలోల బియ్యము కావలెను. ఏడు దినములకు అది 140 కిలోలు. కందిపప్పు తలకు 75 గ్రాములనుకొన్నను 26 కిలోలు దాటును. ఈ లెక్క మేము చేయము, విద్యార్థుల చేతనే చేయింతుము. ఇంట అమ్మ ప్రతిదినము నోటిలెక్కతో చేయు పని ఎంతటిదో ఆనాడు వారికి తెలియును. అందరును ఒకే బంతిలో కూర్చుండి భుజింపవలెనను కోరికతో శిబిరములో శాకాహారమే వండించుచున్నాము. ఇంతవరకు ఎవ్వరును దానికి వెలితి పడలేదు.

మందుల పెట్టె చిన్నదైనను మరువరానిది. దూది, కట్టుగుడ్డలు, జ్వరపు మాత్రలు, ఓ.ఆర్.ఎస్. పొట్లములు అందులో ఉండవలెను. పాముకాటునకు పెట్టెలో మందు లేదు. కాటును కోయరాదు, త్రాడు బిగించి కట్టరాదు, ఆ అవయవమును కదలనీయక 108 వాహనమునకు కబురు చేయవలెను. దగ్గరి ఆసుపత్రి ఎంత దూరమో, విషమునకు విరుగుడు మందు అచట ఉన్నదో లేదో ముందే తెలిసికొనవలెను. ఇదియును మూటలో భాగమే.

ఇక ఎవరి మూట వారిది. రెండు జతల బట్టలు, తువాలు, సబ్బు, చెంబు, కంచము, గ్లాసు, టార్చి లైటు, నమాజు చేయువారికి జానమాజు, కప్పుకొనుటకు ఒక రజాయి. ఇది విద్యార్థి సంఘము వారు వ్రాసిన పట్టిక. దీనికి మేమొక నిబంధన చేర్చినాము: మూటను భుజమున వేసికొని కళాశాల మేడమెట్లు ఒకమారు ఎక్కి దిగవలెను. ఎక్కలేనివారు మూటలో ఏది అనవసరమో తామే గ్రహింతురు.

ఒక సంవత్సరము పట్టిక చదివిన సాయంకాలము ఒక విద్యార్థి అందరును వెళ్ళువరకు ఆగి, “సార్, రజాయి తప్పనిసరియా?” అని అడిగినాడు. కారణమడుగగా, వారి ఇంట ఉన్నది ఒక్కటే రజాయి అనియు, దానిలోనే తమ్ముళ్ళిద్దరితో కలిసి పడుకొందుననియు, తాను తెచ్చినచో వారికి ఉండదనియు చెప్పినాడు. జనవరి చలి. శిబిరమునుండి పేరు తీసివేయించుకొనవలెనని వచ్చినాడు.

మరునాడు ఆ మాటను పట్టికనుండి కొట్టివేయించి, “ఇంట మిగులుగా ఉన్నచో పక్కబట్టలు తెండి” అని వ్రాయించినాము. కొందరు రెండేసి తెచ్చినారు, కొందరు తల్లులు కుట్టిన బొంతలు తెచ్చినారు. చాలనివి టెంట్ హౌస్ నుండి అద్దెకు తీసికొన్నాము. అన్నిటిని బడిలో ఒకేచోట కుప్పగా పోసి, చీట్లు వేసి పంచినాము. ఎవరు ఏమి తెచ్చిరో, ఎవరు తేలేదో ఎవ్వరికిని తెలియలేదు. ఆ విద్యార్థి ఏడు దినములును శిబిరములో ఉన్నాడు.

కళాశాల కార్యవర్గము వారికి మా విన్నపమిది. గుండిగలు, పారలు, తట్టలు, టార్పాలినులు మనకున్నవి. వాటితోపాటు 50 దుప్పట్లు, 50 కంచములు కొని ఒక గదిలో భద్రపరచినచో ఏ విద్యార్థియు ఇంటి లేమిని నోట చెప్పుకొనవలసిన అగత్యముండదు. అది ఒక్కమారు పెట్టు ఖర్చే, ఏటేటిది కాదు.

ప్రియ విద్యార్థులారా! రేపు మీరు ఉపాధ్యాయులై, అధికారులై ఎన్నో పట్టికలు వ్రాయుదురు. “ప్రతి ఒక్కరును తప్పక తీసికొని రావలెను” అని వ్రాయబోవునపుడు కలమును ఒక్క క్షణమాపి, అది ఏ ఇంటనుండి రావలెనో ఆలోచింపుడు. పరులకు సేవ చేయుటకు పోవువాడు మొదట తన ప్రక్కవాని మూటలో ఏమి లేదో ఎరిగియుండవలెను.